పళ్ళెంలో పెట్టిన మందు

గంధం పండగ దగ్గరపడిందనగా మౌలాలి అరికాల్లో దబ్బనం దిగింది.

దబ్బనమంటే మామూలు సూది కాదు. పరుపులు కుట్టేది, జానెడు పొడవుంటుంది. పొద్దున దానితో పరుపు కుట్టి, దూది కుప్పలో ఎక్కడో వదిలేసి, మధ్యాహ్నం అదే దూది తొక్కుకుంటూ నడిచాడు మహానుభావుడు. ఎవర్ని తిడదామన్నా తనను తప్ప తిట్టడానికి ఇంకెవరూ దొరకలేదు.

"అమ్మా" అని కూడా అనలేదు. అంటే అందరికీ తెలుస్తుంది. తెలిస్తే గంధం కుండ చెయ్యి జారిపోతుంది. అందుకని ఇంత పసుపు అద్ది, పాత గుడ్డ చుట్టి, కుంటకుండా నడవడానికి నానా తంటాలూ పడ్డాడు.

ఆ కుండ సంగతి ముందు చెప్పుకోవాలి.

గుట్ట మీద ఒక వలీ, అంటే ముస్లిం మహాత్ముడి, సమాధి ఉంది. గుట్ట కింద ఆయన పేరు చెప్పుకుని బతికే చిన్న తకియా ఉంది. తకియా అంటే ఫకీర్ల మఠం అనుకోండి. దానికి పెద్ద సిలారు తాత. ఆయన దగ్గర నలుగురు శిష్యులు. అందరిదీ దూదేకుల పనే. పగలంతా దూది ఏకి పరుపులూ బొంతలూ కుడతారు. పొద్దువాలాక తాత ముందు కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటారు. ఏటా గంధం రోజున, అరగదీసిన గంధాన్ని కొత్త కుండలో నింపి, ఒక శిష్యుడు తలమీద పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుట్ట ఎక్కుతాడు. వెనకాల ఊరంతా నడుస్తుంది. ఎవరు మొయ్యాలో తాతే చెప్తాడు. చెప్పడమంటే నోటితో కాదు. పండగ ముందు నెలపొడుపు నాడు ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్ళే.

మౌలాలి తకియాకు వచ్చి చాలా ఏళ్ళయింది. ఏటా ఆ సమయానికి తలకు నూనె రాసి, చక్కగా దువ్వుకుని, తాత చేతికి అందేంత దూరంలో కూర్చునేవాడు. ఏటా ఆ చెయ్యి అతని తలను దాటుకుని ఇంకెవరి దగ్గరికో పోయేది. ఈ ఏడు ఆగింది. ఆ సాయంత్రం మౌలాలికి అన్నం సయించలేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్ళో ఉన్న మేనత్తకు కబురు చేశాడు, సంతలో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పాడు. సరిగ్గా అప్పుడు ఈ దబ్బనం.

ఇక రెండో సంగతి. తకియాలో ఒక కట్టుబాటు ఉంది. గడప దాటి లోపలికి ఏది వచ్చినా, అరటిపండు గానీ బెల్లంముక్క గానీ, ముందు నడిమింట్లో ఉన్న ఇత్తడి పళ్ళెంలో పెట్టాలి. అందరికీ పంచాలి. ఒక్కడే నోట్లో వేసుకోవడం అక్కడ లేదు.

ఈ విషయంలో మౌలాలిని మించినవాడు లేడు. ఆ మాట ఎవరన్నారంటారా? మౌలాలే అన్నాడు. ఒకసారి సంతలో ఎవరో లడ్డు చేతిలో పెడితే, ఆకలికి కడుపు కరకరలాడుతున్నా, అంత దూరమూ అరచేతిలో మోసుకొచ్చి అయిదు భాగాలు చేశాడు. నాలుగు మంచి ముక్కలు నలుగురికీ ఇచ్చి, తను మాత్రం వేళ్ళకంటిన పొడి నాకాడు. నాకుతూ నాకుతూ అందరూ చూస్తున్నారా లేదా అని ఓరకంట చూశాడు. తాత చూశాడు.

పసుపు కట్టు పనిచెయ్యలేదు. పాదం బూరెలా పొంగింది. ఎర్రగా కాగిపోయింది. దాని వెనకే జ్వరమూ వచ్చింది. తకియాలో వంట చూసుకునే కుల్సుంబి అవ్వ, ఆమె కూడా శిష్యురాలే, గుడ్డ విప్పి చూసి గుండెలు బాదుకుంది.

"ఓరి నీ పాసుగూల! ఇంత చీము పట్టేదాకా ఎట్లా మూసిపెట్టినావురా?"

"మెల్లగా అవ్వా. తాతకు చెప్పొద్దు."

"తాత యాడున్నాడు చెప్పేదానికి? గంధానికి పిలుపులు పిలవను పల్లెలమీద పోయినాడు కదా. లెయ్యి, ఆసుపత్రికి నడువు."

పేటలో డాక్టరమ్మ విమల పుండు కడిగి, చీము తీసి, కట్టు కట్టి, ధనుర్వాతం ఇంజెక్షను వేసింది. ఇదివరకు ఏ మందైనా పడక ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా, వేరే మాత్రలేమైనా మింగుతున్నావా అని అడిగి, అన్నిటికీ లేదనిపించుకున్నాక మాత్రలు రాసింది.

"ఇవి యాంటీబయాటిక్ మాత్రలు. పొద్దునా రాత్రీ తిన్నాక వేసుకో. కాలు బాగైందనిపించినా నీ అంతట నువ్వు మధ్యలో ఆపొద్దు. దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా వెంటనే రావాల."

"కుండ మొయ్యొచ్చా అమ్మా?"

"ఏం కుండ?"

చెప్పాడు. నెలపొడుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి, తాత చెయ్యి ఎలా ఆగిందో, ఆ చెయ్యి ఎంత బరువుందో, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. బయట బెంచీమీద రోగులు దగ్గుతున్నారు.

"కాలు ముందు నయం చేసుకో నాయనా. కుండ తర్వాత చూద్దాం" అంది డాక్టరమ్మ, నవ్వుతూ. కట్టు మార్చుకోవడానికి శుభ్రమైన గాజుగుడ్డ రెండు చుట్టలు కూడా చేతికిచ్చింది.

అన్నీ చెప్పింది గానీ, ఆ మాత్రలు ఎవరికీ పంచిపెట్టొద్దని మాత్రం చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని పాపం ఆమెకేం తెలుసు?

మౌలాలి తకియా గడప దాటాడు. నడిమింట్లో ఇత్తడి పళ్ళెం కనబడింది. చేతిలో మాత్రల పొట్లం ఉంది. కాసేపు అటూ ఇటూ చూశాడు. తాత ఊళ్ళో లేడు, అడగడానికి లేదు. అయినా అడిగేదేముంది? వచ్చింది ఏదైనా పళ్ళెంలోకే కదా. పైగా తాత లేనప్పుడు కట్టుబాటు నిలబెట్టినవాడే అసలు శిష్యుడు. ఆ ఆలోచన రాగానే అతనికి నొప్పి సగం తగ్గింది. పొట్లం పళ్ళెంలో పెట్టాడు.

"రండప్పా, అందరూ రండి."

ముందు బడేసాబు చిన్నాయన వచ్చాడు. అందరికంటే పెద్ద శిష్యుడు, కుండ ఇదివరకు మోసినవాడు, ఏడాది పొడుగునా జలుబు ఉన్నవాడు. తర్వాత రామాంజులు వచ్చాడు. అతనిది వేరే మతమే గానీ, తాత మాట మీద గురి కుదిరి తకియాలోనే ఉండిపోయాడు. వంగి వంగి బొంతలు కుట్టి నడుము పట్టేసింది. ఆఖర్న కుల్సుంబి అవ్వ మోకాళ్ళు పట్టుకుని వచ్చింది.

"ఏం మాత్రలప్పా ఇవి?" అన్నాడు బడేసాబు ముక్కు ఎగబీలుస్తూ.

"పెద్ద మందు చిన్నాయనా. లోపల ఏముంటే దాన్ని చంపుతుందంట."

"నాకు లోపల చీమేముందిరా? మోకాళ్ళే కదా" అంది అవ్వ.

"ఉన్నా లేకపోయినా నీ భాగం నీదే అవ్వా. కాదనకూడదు."

కాదనకూడదన్నాక ఇక ఎవరు కాదంటారు? తలా ఒకటి మింగారు. రాత్రీ అంతే, మర్నాడూ అంతే. ప్రతిసారీ మౌలాలి పళ్ళెం పట్టుకుని కుంటుతూ అందరి దగ్గరికీ వెళ్ళేవాడు. చివర్లో తన మాత్ర తీసుకునేవాడు. ఆ నాలుగు అడుగులూ వేస్తుంటే అతని మొహం వెలిగిపోయేది. నలుగురు మింగితే పొట్లం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇట్టే ఖాళీ అయింది. అప్పటికి కాలివాపు కొంచెం తగ్గింది కూడా.

"చూసినావా అవ్వా? పంచుకుంటే మందుకు బలం పెరుగుతుంది" అన్నాడు మౌలాలి. గంధం కుండకు బదులు చెంబు నెత్తిన పెట్టుకుని వాకిట్లో నడక కూడా సాధన చేశాడు.

సంబరం నిలవలేదు. మళ్ళీ జ్వరం వచ్చింది. తగ్గిన వాపు రెట్టింపై తిరిగొచ్చింది.

సిలారు తాత పల్లెలు తిరిగి తకియాకు చేరేసరికి అక్కడ కనబడిన దృశ్యం ఇదీ. వాకిట్లో బడేసాబు తుమ్ముతున్నాడు, జలుబు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. రామాంజులు చొక్కా విప్పి గోడకు వీపు రుద్దుకుంటున్నాడు, ఒళ్ళంతా దద్దుర్లు. కుల్సుంబి అవ్వ చెంబు పట్టుకుని, మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయి, కంపచెట్ల వైపు ఉరుకుతోంది. నడిమింట్లో మౌలాలి చాపమీద మూలుగుతూ పడుకుని ఉన్నాడు. పక్కనే తోమి తళతళలాడుతున్న పళ్ళెం.

"ఏమైందిరా?" అన్నాడు తాత.

మౌలాలి చెప్పాడు. జ్వరంలో కూడా చెప్పాల్సినవి చెప్పాడు. ఒక్క మాత్ర కూడా దాచుకోలేదన్నాడు. అందరికీ సమానంగా పంచానన్నాడు. తను ఎప్పుడూ ఆఖర్నే తీసుకున్నానని రెండుసార్లు అన్నాడు.

తాత ఊఁ కొడుతూ విన్నాడు. ఆ తర్వాత రామాంజులును దగ్గరికి పిలిచి, పెదాలు వాచాయా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని చూశాడు. ఆడుతోంది. వీధిలో పోతున్న పిల్లవాణ్ణి ఆటో కోసం పంపాడు. అది వచ్చేలోపల దూది పక్కనున్న కత్తెర తీసుకుని, గూట్లో ఉన్న గాజుగుడ్డ చుట్టల్లో ఒకటి విప్పాడు.

కొలిచినట్టు నాలుగు ముక్కలు చేశాడు.

బడేసాబు కాలు ముందుకు లాగి, ఏ దెబ్బా లేని ఆ పాదానికి ఒక ముక్క శ్రద్ధగా కట్టాడు. రామాంజులు పాదానికి ఒకటి కట్టాడు. అప్పుడే తిరిగొచ్చిన అవ్వను కూర్చోబెట్టి ఆమెకొకటి కట్టాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తాత మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. పెళ్ళికొడుక్కి బాసికం కట్టేవాడి మొహంలా ఉంది.

నాలుగో ముక్క మౌలాలి కాలిమీద పెట్టాడు. అది పుండు మీద సగానికి కూడా రాలేదు. మిగతా సగం మీద ఈగ వచ్చి వాలింది.

"నాకు చాలలేదు తాతా" అన్నాడు మౌలాలి.

"చాలలేదా? సమానంగానే కోసినానే."

"తాతా, మా కాళ్ళకు ఏమీ కాలేదు కదా" అన్నాడు బడేసాబు, కట్టు కేసి చూసుకుంటూ.

"కాలేదా?" అన్నాడు తాత ఆశ్చర్యపోయినట్టు.

ఆ మాటకు ముందు కుల్సుంబి అవ్వ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది, అసలే ఆ కడుపుకు ఆ రోజు తీరిక లేదు. రామాంజులు గోక్కుంటూ నవ్వాడు. బడేసాబు నవ్వబోయి తుమ్మాడు. మౌలాలి ఒక్కడే నవ్వలేదు. తన కాలిమీది గుడ్డముక్కను చూశాడు. ఎదురుగా వరసగా ఉన్న మూడు ఆరోగ్యమైన పాదాలను చూశాడు. పక్కనున్న పళ్ళెం వైపు చూసి, చప్పున మొహం తిప్పుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తాత ఆ ముక్క తీసి పారేసి, రెండో చుట్ట విప్పి, మొత్తం అతనికే చుట్టాడు.

డాక్టరమ్మ గదిలోకి ఒక్క రోగి పోవాల్సింది, నలుగురూ పోయారు. వెనకాల తాత. కథ విన్నాక ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"నా సర్వీసులో మందు మధ్యలో మానేసినోళ్ళను చూసినా. మిగిలింది దాచుకుని ఇంకోసారి మింగినోళ్ళను చూసినా. పళ్ళెంలో పెట్టి పంచినోణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అంది.

తర్వాత ఒక్కొక్కరినీ పట్టుకుంది. బడేసాబుకు ఈ మందు జలుబు మీద పనిచెయ్యదనీ, జలుబు దాని దారిన అదే పోతుందనీ చెప్పింది. "ఏడాది పొడుగునా ఉంటే అది జలుబే కాదేమో. నీకు దూది దుమ్ము పడదేమో, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏకు" అంది. రామాంజులుకు దద్దుర్లు తగ్గడానికి మందిచ్చి, పడని మాత్ర పేరు అట్టముక్క మీద రాసి చేతిలో పెట్టింది. "ఇది నీకు పడదు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఇది చూపించు. దద్దుర్లతో పోయింది, ఊపిరి ఆగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకో." ఆ మాటతో గదిలో నవ్వు ఆగిపోయింది. మౌలాలి రామాంజులు వైపు చూడలేకపోయాడు. అవ్వకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ పొట్లాలు ఇచ్చి, రేపటికి తగ్గకపోతే మళ్ళీ రమ్మంది.

ఆఖరికి మౌలాలి వంతు వచ్చింది.

"క్రిములు సగం చచ్చినాయి, మిగిలినవి మొండికేసినాయి. సగం మందుతో ఊరుకుంటే అదే జరుగుతుంది. ఇంకోసారి ఇట్లా చేస్తే ఏ మందుకూ లొంగని క్రిములు తయారైతాయి. అప్పుడు కాలు కాదు, మనిషినే కాపాడలేం." పుండు మళ్ళీ తెరిచి శుభ్రం చేసి, కొన్నాళ్ళు ఇంజెక్షన్లకు రమ్మని, ఆ తర్వాత వేసుకోవడానికి వేరే మాత్రలు రాసింది. "ఇవన్నీ ఎవరివి?"

"నావే అమ్మా."

"ఎవరెవరివి?"

"నా ఒక్కడివే" అన్నాడు మౌలాలి, తల వంచుకుని. ఆ మాట అనడానికి అతనికి పుండు తెరిచినప్పటికంటే ఎక్కువ కష్టమైంది.

ఇంజెక్షన్లు అయిపోయి మాత్రలు మొదలైన రోజు తకియాలో పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. మౌలాలికి ఒక్కడే తినడం రాదు. తకియాకు వచ్చాక ఆ చిన్నప్పటి అలవాటు పోయింది. మాత్ర నోటిదాకా వస్తుంది, ఎదురుగా ఎవరో కనబడతారు, చెయ్యి ఆగిపోతుంది. చివరికి దూది కుప్ప వెనక నక్కి, కళ్ళు మూసుకుని, దొంగలా మింగబోయాడు.

"మౌలాలీ!" తాత గొంతు.

ఉలిక్కిపడి లేచాడు. ఒళ్ళంతా దూది.

"నడిమింట్లో కూర్చుని మింగు. అందరి ముందర."

పోయి కూర్చున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. బడేసాబు గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. రామాంజులు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, ఇంకెప్పుడూ ఆ పళ్ళెం జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నవాడిలా. మౌలాలి మాత్ర నోట్లో వేసుకోబోతుండగా కుల్సుంబి అవ్వ చెయ్యి చాచింది.

"నా భాగం ఏదిరా?"

ఇల్లంతా గొల్లుమంది. మౌలాలికి కూడా నవ్వాగలేదు. నవ్వుకు నీళ్ళు పొలమారి, మాత్ర ఎగిరి దూదిలో పడింది. నలుగురూ కలిసి వెతికి, అది ఇంక పనికిరాదని తేల్చి, పొట్లంలోంచి ఇంకొకటి ఇచ్చారు. తగ్గిన మాత్ర కోసం మర్నాడు రామాంజులే డాక్టరమ్మ దగ్గరికి పోయివచ్చాడు. ఆ రోజునుంచి పొద్దునా రాత్రీ అదొక వేడుకైపోయింది. మౌలాలి మింగుతాడు, వాళ్ళు చూస్తారు. మొదట్లో అతని చెయ్యి నోటి దగ్గర ఆగేది. రానురాను ఆగడం మానింది. లడ్డు పొడి నాకినప్పుడు ఓరకంట చూసినట్టు ఇప్పుడు ఎవర్నీ చూసేవాడు కాదు. నోరు తెరిచి, వేసుకుని, నీళ్ళు తాగి, పనికి పోయేవాడు.

వాపు దిగింది. జ్వరం పోయింది. పుండు మూసుకుని లేత చర్మం వచ్చింది. గంధానికి ముందురోజు డాక్టరమ్మ పాదం నొక్కి నొక్కి చూసి, చిన్న గుట్టే గనుక ఎక్కొచ్చునంది. ఉత్తకాలితో మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. చెప్పులా, వేసుకోకూడదు. అవ్వ ఆలోచించి, మెత్తని దూది కూరి, మౌలాలి పాదానికి సరిపడా ఒక బుల్లి బొంత కుట్టింది. దాన్ని తొడుక్కుని అతను వాకిట్లో నడిస్తే, ఒక కాలు ఫకీరుది, ఒక కాలు పెళ్ళికొడుకుది అన్నాడు బడేసాబు.

"ఇంకా కొన్ని మాత్రలున్నాయి కదా. అవి అయిపోయేదాకా ఒక్క పూట కూడా తప్పొద్దు. పండగని ఎగ్గొట్టేవు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

ఎగ్గొట్టనని అతను ఒప్పుకున్నాడు. గంధం నాడు ఉపవాసమన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

తెల్లారింది. వాకిలి నిండా జనం. డప్పులు వేడెక్కుతున్నాయి. పల్లెలనుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. మౌలాలి మేనత్త కొత్త చీర కట్టుకుని ముందు వరసలో నిలబడి, మా వాడే, మా వాడే అని పక్కవాళ్ళకు చెప్తోంది. కుండకు మల్లెచెండ్లు చుట్టారు. గంధం వాసన వీధిచివరిదాకా పోయింది.

ఆ రోజు కుండ గుట్టమీదికి చేరేదాకా తకియాలో ఎవరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. పొయ్యి వెలగదు. కుండ మోసేవాడైతే మరీ కఠినం. సిలారు తాత ఇన్నేళ్ళలో ఏ గంధానికీ ఆ ఉపవాసం తప్పలేదని పల్లెల్లో చెప్పుకుంటారు.

మౌలాలి తలకు నూనె రాసి, చక్కగా దువ్వుకుని, మొలలోంచి పొట్లం తీశాడు. పొద్దుటి మాత్ర. తిన్నాక వేసుకోవాలి.

తిన్నాక.

ఒక్క పూట కదా అనుకున్నాడు. కాలు తట్టి చూశాడు, నొప్పి లేదు. సాయంత్రం రెండు కలిపి మింగితే పోలేదా అనుకున్నాడు. అలా ఎప్పుడూ చెయ్యొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. పోనీ ఎవరూ చూడకుండా ఒక ముద్ద తింటే? తిని, ఉపవాసమున్నవాడిలా కుండెత్తుకుంటే? అలా మోసిన కుండ ఏం కుండ? బయట డప్పు దరువు మారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళు దువ్వుకున్న తల ఇది! ఆ చెయ్యి ఆగిన సాయంత్రం గుర్తొచ్చి, గోడవైపు తిరిగి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, మాత్ర అరచేతిలో పట్టుకుని బయటికి వచ్చాడు.

తాత కుండ పక్కనే నిలబడి ఉన్నాడు.

"తాతా, కుండ బడేసాబు చిన్నాయనకు ఇయ్యి" అన్నాడు మౌలాలి. "నేను తినాల. తిని మాత్ర మింగాల."

ముందు వరసలో మేనత్త నోరు తెరిచింది. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. బడేసాబు బెదిరిపోయి నాలుగడుగులు వెనక్కి పోయాడు.

తాత అవ్వ వైపు తిరిగాడు.

"కుల్సుంబీ, రొట్టె ఉందా?"

"గంధం నాడు రొట్టె యాడిది తాతా? పొయ్యి కూడా ముట్టీలేదు" అంది అవ్వ. మళ్ళీ తనే, "రాత్రిది ఒకటి మిగిలింది, మూకుడు కింద" అంది.

"తీసుకురా."

జొన్నరొట్టె తెచ్చింది. తాత దాన్ని రెండుగా విరిచాడు. జనమంతా చూస్తుండగా ఒక సగం కొరికి, నిదానంగా నమలడం మొదలుపెట్టాడు.

ఎవరో ముసలాయన ఉండబట్టలేక, "తాతా! ఈ పొద్దు గంధం!" అన్నాడు.

తాత తల ఊపి ఇంకో ముక్క కొరికాడు.

అవ్వకు అర్థమైంది. మోకాళ్ళు పట్టుకుని వచ్చి, తాత చేతిలోని సగంలోంచి ఇంత తుంచుకుని నోట్లో వేసుకుంది. రామాంజులు వచ్చాడు. బడేసాబు వచ్చాడు. ఆఖరికి మేనత్త కూడా, ఎందుకో ఏమిటో తెలియకుండానే, కొత్త చీర కొంగు పట్టి నిలబడింది. తాత ఆమెకూ పెట్టాడు.

రెండో సగం మౌలాలి చేతిలో ఉంది. కన్నీళ్ళతో తడిసిపోతోంది. తింటూ తింటూ, ఎప్పటి అలవాటో, రెండో అరచెయ్యి తెరిచి అందులోని మాత్రను చూశాడు. అందరి మొహాలూ చూశాడు.

తాత ఆ చేతివేళ్ళను మాత్ర మీదికి మూసేశాడు.

"మాత్ర నీది. రొట్టె మనది" అని, అతను మాత్ర మింగేదాకా ఆగి, వంగి కుండ ఎత్తి అతని తలమీద పెట్టాడు.